బోల్టు కన్నాల్లేని కారు

ఆ వీధిలో అతన్ని సుత్తి మేస్త్రి అనేవాళ్లు. ఆ పేరు విన్న కొత్తవాళ్లు, ఈయనకి దొరికితే వాగి వాగి చంపుతాడు కాబోలు అనుకుని పక్క సందులోంచి తప్పుకుపోయేవాళ్లు. నిజానికి ఆ మనిషి రోజు మొత్తం మీద పట్టుమని పది మాటలు మాట్లాడితే గొప్ప. కార్ల రేకులకి పడ్డ సొట్టలు తీయడం అతని పని. పొద్దున లేచింది మొదలు చేతిలోంచి సుత్తి దిగేది కాదు కాబట్టి ఆ పేరు పడిపోయింది. రెండో రకం సుత్తి, అతని వాటా కూడా కలిపి, వాళ్లక్కే వేసేది.

అక్క షెడ్డు వెనక గదిలో ఉండేది. ఏడేళ్లుగా మంచం మీదే. అంతకు ముందు ఆ షెడ్డు ఆవిడదే. తండ్రి పోయేనాటికి తమ్ముడికి తొమ్మిదేళ్లు. వాడికి తిండి పెట్టి, బడికి పంపి, తర్వాత చేతికి సుత్తి ఇచ్చి పని నేర్పింది ఆవిడే. ఒక రోజు వ్యాను కింద దూరి రేకు చూస్తుంటే జాకీ జారింది. ప్రాణం దక్కింది, వెన్ను దక్కలేదు. కదలకుండా పడుకుంటే ఏ బాధా లేదు. కానీ పక్కనుంచి నడిచేవాళ్ల మోకాలు మంచం పట్టెకి తగిలినా చాలు, పెదవి కొరుక్కుని కళ్లు మూసుకునేది. ఆ నొప్పి దిగడానికి అరగంట పట్టేది. చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నోరు ఇంకా శుభ్రంగా ఉంది.

రోజూ పొద్దున్నే తమ్ముడు రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చి, మంచానికి మూరెడు దూరంలో నిలబడి, చెయ్యి చాచి ఒకటి ఆమెకిచ్చేవాడు. తాగడం అయ్యాక షెడ్డు షట్టర్ ఎత్తేవాడు. గదికీ షెడ్డుకీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. అందులోంచి అక్కకి కార్లు కనిపించవు గానీ చప్పుడు వినిపిస్తుంది. ఆవిడకి అదే చాలు.

"ఒరేయ్, ఆపు. రేకు సాగిపోతోంది. మధ్యలో కాదు, చుట్టూ కొట్టుకురా."

అతను చుట్టూ కొట్టుకొచ్చేవాడు.

"ఆఁ, ఇప్పుడు కుదిరింది. ఇందాకటిదాకా చిల్లు బిందె మోగినట్టు మోగింది."

తమ్ముడి భార్య అదే షెడ్డులో ఓ మూల కుట్టుమిషను పెట్టుకుని కార్ల సీట్లు కుట్టేది. "మీ ఇద్దరి కచేరీకి టిక్కెట్టు లేకుండా దొరికిపోయింది నేనొక్కదాన్నే," అని నవ్వేది.

పెద్దాసుపత్రిలో ఒక సర్జన్ మేడం ఇలాంటి వెన్నులు బాగుచేస్తుందని తెలిసి, పాత ఎక్స్‌రే ఫొటోలు పంపితే, తీసుకురండి చేస్తాను అంది ఆవిడ. ఆసుపత్రి అరవై కిలోమీటర్లు. అంబులెన్సులో రెండుసార్లు బయల్దేరారు. మొదటిసారి వీధి చివరి గుంత దగ్గరే వెనక్కి తిరిగారు. రెండోసారి రైలు గేటు దాకా వెళ్లారు. పట్టాలు దాటుతుంటే అక్క పెట్టిన కేకకి డ్రైవరు బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత ఆసుపత్రి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం నాడు ఆ కారు వచ్చింది.

తెచ్చింది కార్లాయన. పాత కార్లు పోగుచేయడం ఆయన పిచ్చి. ఇంటి వెనక పదకొండు ఉన్నాయి, అందులో కదిలేవి రెండు. మూతపడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీలో గోడౌను ఖాళీ చేయిస్తుంటే, వరసగా పేర్చిన ఇనప బీరువాల కింద ఇది దొరికింది. బీరువాలు తీసెయ్యగానే నేల మీంచి జానెడు పైకి లేచి నిలబడింది. కారంటే పూర్తి కారు కాదు. చక్రాల్లేవు, ఇంజను లేదు, అడుగున చాసీ లేదు. వట్టి బాడీ. వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు. పొడుగాటి ముక్కు, నీటిబొట్టులా సన్నబడిపోయిన వెనకభాగం. లారీ మీంచి దించడానికి నలుగురు కూలీలు వస్తే, పక్కకి కొట్టుకుపోకుండా పట్టుకోవడానికే నలుగురూ సరిపోయారు.

మేస్త్రి దాన్ని మూడు వైపులా తాళ్లేసి స్తంభాలకి కట్టాడు. భార్య చీపురు తెచ్చి దాని కింద హాయిగా ఊడ్చుకుంది. "అన్ని బండ్లూ ఇలాగే ఉంటే ఎంత బాగుండును! జరపక్కర్లేదు, తిరగెయ్యక్కర్లేదు," అంది. టేబుల్ ఫ్యాను గాలికి తాళ్లు కిర్రుమంటుంటే ఫ్యాను అవతలికి తిప్పింది.

కార్లాయన చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మేస్త్రీ, నలభై రోజుల్లో ఎగ్జిబిషన్ ఉంది. దీని పుట్టుపూర్వోత్తరాలు తేల్చాలి. ఏ కంపెనీ, ఏ ఊరు, ఏ ఏడు. నన్నడిగితే ఇది రేసు కారు. ముక్కు చూడు, ఎలా దూసుకుపోతోందో. చాసీ రేపు పంపుతాను. దాని మీద కూర్చోబెట్టి ఇరవై బోల్టులు బిగించేయ్."

మేస్త్రి తలూపాడు.

ఏ బాడీకైనా తలుపు కింద గడప దగ్గర కంపెనీ రేకు ఒకటి ఉంటుంది. దీనికి లేదు. రేకు ఊడిపోయినా దాన్ని బిగించిన కన్నాలైనా మిగలాలి. అవీ లేవు. నంబరు కోసం దీపం పెట్టి మూలమూలా వెతికాడు. నంబరు లేదు. ఓ మూల రంగు గీకి చూశాడు. ఆకుపచ్చ కింద మీగడ రంగు, దాని కింద వట్టి అల్యూమినియం. అది కూడా పోస్టుకార్డు మందం. అంత పలచటి రేకుతో కారు కట్టిన కంపెనీ అతనికి తెలిసి ఎక్కడా లేదు.

పక్క షెడ్డులో లేతు మిషను నడిపే తాత వచ్చి, వెనక తలుపు చూసి ఇట్టే తేల్చేశాడు. ఆ తలుపు బీరువాకి ఉన్నట్టు రెండు రెక్కలుగా పూర్తిగా తెరుచుకుంటుంది. "ఇంకేముంది, శవాల బండి. పెట్టె తోసెయ్యడానికి ఇంత వెడల్పు."

"శవానికి కిటికీ ఎందుకు తాతా?" అంది మేస్త్రి భార్య. "అదీ ఇంత కిందనా?"

కిటికీ నిజంగానే కింద ఉంది, లోపలి నేలకి ఒక్క అడుగు ఎత్తులో. కూర్చున్నవాళ్లకి అది మోకాళ్ల ఎత్తుకే వస్తుంది. తాత గొంతు సవరించుకుని, లేతు మీద పనుందంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు చాసీ వచ్చింది. మేస్త్రి కొలతలు వేసి, సుద్దతో గుర్తులు పెట్టి, కుడి పక్క వెనక మూల మొదటి కన్నం వేశాడు. చిటికెన వేలు పట్టేంత కన్నం. డ్రిల్లు బయటికి తీసేలోగా ఆ మూల నాలుగు వేళ్లు కిందికి దిగిపోయింది. మిగతా మూడు మూలలూ ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. అతను డ్రిల్లు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అక్క గదిలోకి వెళ్లాడు. రోజంతటికీ మిగిలిన మాటలన్నీ ఆవిడ దగ్గర ఖర్చు పెట్టేశాడు.

అక్క అంతా విని అడిగింది. "నువ్వు వేసింది కాక ఇంకెన్ని కన్నాలున్నాయి అడుగున?"

"ఒక్కటీ లేదక్కా."

"బోల్టు కన్నం ఒక్కటి కూడా లేకుండా ఆ బాడీ ఇన్నాళ్లూ దేని మీద కూర్చుంది?"

అతను కిటికీలోంచి కారు వైపు తొంగిచూశాడు. "దేని మీదా కూర్చోలేదు."

"మరి నువ్వెందుకు కూర్చోబెడుతున్నావు?" అంది అక్క. "డ్రిల్లు లోపల దాచెయ్. ముందది ఎవరు చేశారో చూద్దాం. నేనక్కడికి రాలేను. నువ్వే దాన్ని నా దగ్గరికి తీసుకురా, ఎలా తెస్తావో."

మేస్త్రి ఒక ఉపాయం చేశాడు. పలచటి తెల్ల కాగితం రేకు లోపలి వైపు ఆనించి, దాని మీద పెన్సిలు ముక్క అడ్డంగా పెట్టి రుద్దాడు. సుత్తి దెబ్బల అచ్చు దిగింది. బయటి వైపు ఎవరైనా నున్నగా చేసేస్తారు. లోపలి వైపు మాత్రం దెబ్బ దెబ్బా మిగిలిపోతుంది. చేతిరాత లాగే ఎవరి దెబ్బ వాళ్లది. బాడీ లోపల అంగుళం వదలకుండా అచ్చు తీసి, ఆ కాగితాలన్నీ వరసప్రకారం అక్క గది గోడలకీ, చాలక పైకప్పుకీ అంటించాడు. వారం తిరిగేసరికి గదంతా బూడిదరంగు చేపపొలుసులు పరిచినట్టయింది. అక్క ఆ కారు కడుపులో పడుకున్నట్టే ఉంది.

ఆ వారమంతా అక్క మాట్లాడలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మేస్త్రి భార్య రెండుసార్లు తొంగిచూసి, "వదినా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

"ఉష్. చదువుకుంటున్నాను," అంది అక్క.

మేస్త్రి భార్య ఊరికే కూర్చునే మనిషి కాదు. లోపలి పరుపు విప్పి చూసింది. చూసి, కత్తెర చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"వదినా, అందులో సీటు లేదు. ఒకటే పరుపు, కింది నుంచి పైదాకా. చేత్తో కుట్టింది. ఎడమ భుజం దగ్గర గుంట, ఎడమ తుంటి దగ్గర ఇంకా లోతు గుంట. చాలాకాలం ఒక మనిషి ఎడమ పక్కకి తిరిగి పడుకుంది అందులో. ఆ కిటికీ కూడా ఎడమ పక్కే కదా? సరిగ్గా కళ్ల ఎత్తులో వస్తుంది."

"కాళ్లు ఎక్కడ పెట్టిందట? పొడుగు సరిపోతుందా?"

"అది చూసే వచ్చాను. బానెట్ కింద లోపలంతా ఉన్నిగుడ్డ అంటించి ఉంది. ఇంజను పెట్టే చోటు కాదది. కాళ్లు పెట్టుకునే చోటు."

గోడకి ఊడిన కాగితం అంటిస్తున్న మేస్త్రి ఇటు తిరిగాడు. దూసుకుపోతోందని కార్లాయన మురిసిపోయిన ముక్కు, ఎవరో మనిషి కాళ్లు చాపుకోవడానికి చేసుకున్నది.

అక్క పైకప్పు వైపు చూపించింది. "ఒరేయ్, ఆ పై వరసలో నాలుగో కాగితం తీసి ఇలా ఇవ్వు. దాని పక్కది కూడా."

ఇచ్చాడు. ఆవిడ వాటిని మొహానికి దగ్గరగా పట్టుకుని, గాల్లోకి కుడిచెయ్యి ఎత్తి, సుత్తి పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి, మణికట్టు మాత్రమే ఆడించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆగింది. మళ్లీ మూడు.

"నిలబడి కొడితే దెబ్బ భుజంలోంచి వస్తుంది," అంది. "చివర్లో కొంచెం కిందికి జారుతుంది, తోకలాగా. నీ దెబ్బలకి ఉంటుంది, నావాటికి ఉండేది, నాన్నవాటికీ ఉండేది. వీటికి తోక లేదు చూడు. గుండ్రంగా, చిన్నగా, మణికట్టులోంచి వచ్చినవి. మూడు కొట్టి ఆగడం. ఎందుకు ఆగుతుంది? నొప్పి దిగాలిగా."

"ఎవరు అక్కా?"

"ఇది పడుకుని కొట్టిన రేకురా. పడుకున్న మనిషి కోసం ఎవరో కట్టింది కాదు. పడుకున్న మనిషే కట్టుకుంది."

మేస్త్రి ఆ రెండు కాగితాలూ తీసుకుని వేలితో తడిమాడు. నలభై ఏళ్లు సుత్తి పట్టిన చేతులు అతనివి. పోస్టుకార్డు మందం రేకు చిరగకుండా సాగదీయడం నిలబడే అతనికి చేతకాదు. పడుకుని, చెయ్యి అందినంత మేర, ఒక మనిషి ఒక కారునంతా కొట్టింది.

మర్నాడు దీపం పట్టుకుని అతను బాడీ లోపలికి వెళ్లి, మొదటిసారి పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు. నిలబడి వెతికినప్పుడు కనిపించనిది అప్పుడు కనిపించింది. రేకు మీద, మడతల నీడల్లో, పెన్సిలు రాత. ఒకటే మాట. ఇక్కడిదాకా. దాని కింద చిన్న గీత. గీతకి అవతల అరచెయ్యంత రేకు, మళ్లీ గీత. ఇక్కడిదాకా. రోజు పని అయ్యాక, ఎంత వరకు వచ్చిందో గుర్తు పెట్టుకుంది. అతను వేలితో ఒక్కో గీత తడుముతూ లెక్కపెట్టాడు. పదకొండు వందలు దాటాయి. మూడేళ్ల పైమాట. చివరిది ముక్కు కొసన, పాదాలు ఆనే చోట ఉంది. పడుకుని అక్కడికి చెయ్యి ఎలా అందిందో అతనికి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అక్కడ మాత్రం వేరే మాట రాసి ఉంది. అయింది.

ముక్కు కింద ఇత్తడి రింగు ఒకటి కూడా కనిపించింది. తాడు ఒరిసి ఒరిసి దాని మందంలో సగం అరిగిపోయింది. ఇత్తడి అంత అరగాలంటే ఎన్ని వందల మైళ్లు లాగి ఉండాలి! చేసుకుని ఊరికే దాచుకోలేదు, తిరిగింది. ఏ ఊళ్లు చూసిందో, ఎవరు లాగారో, బిస్కెట్ల ఫ్యాక్టరీలో బీరువాల కిందికి అది ఎలా చేరిందో తెలియలేదు. పేరు అసలే తెలియలేదు.

ఇక మిగిలింది తను వేసిన కన్నం. మేస్త్రి అదే మందం రేకు కత్తిరించి, నాణెమంత అతుకు కొట్టి కన్నంలో కూర్చోబెట్టాడు. బయటికి అతుకన్నదే కనిపించలేదు. కానీ ఆ మూల లేవలేదు. ఇంకోటి చేశాడు, లేవలేదు. ఆరు చేశాడు.

"ఆ రేకు ముక్క ఇలా పట్రా," అంది అక్క కిటికీలోంచి. "చిన్న సుత్తి కూడా. నాది, వేపకాయ తలది."

"అక్కా, వద్దు. అదురు తగిలితే..."

"తగలకుండా కొడతాను. కొట్టాలంటే అదే మార్గమని ఆవిడ గోడ నిండా రాసి పెట్టింది కదా."

గుండెల మీద దిండు పెట్టి, దాని మీద ఇనప దిమ్మ పెట్టి, దిమ్మ మీద రేకు పెట్టుకుంది. మొదటి దెబ్బకి మొహం పాలిపోయింది. తమ్ముడు ముందుకి వస్తే కళ్లతోనే ఆపింది. చెయ్యి కొంచెం మార్చి మళ్లీ కొట్టింది. సుత్తిని రేకు మీద పడనిచ్చి, దాని బరువు దిమ్మలోకి దిగకముందే పైకి లాగేస్తోంది. మూడు కొట్టి ఆగేది. ఊపిరి తీసుకుని మళ్లీ మూడు. నాణెమంత ముక్కకి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రానికి ఆవిడ మొహంలో నొప్పి లేదు. మంచం పక్కనే నిలబడ్డ తమ్ముడికి సుత్తి చప్పుడు కూడా వినబడలేదు.

ఆ అతుకు పెట్టగానే కారు మూల నాలుగు వేళ్లూ పైకి లేచి, మిగతా మూడు మూలలతో సమానంగా నిలబడింది. మేస్త్రి భార్య కుట్టుమిషను ఆపి, ఎందుకో తెలియకుండానే లేచి నిలబడింది.

మర్నాడే కార్లాయన వచ్చాడు. చాసీ ఓ పక్కన ఖాళీగా పడి ఉండడం చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఇదేంటి మేస్త్రీ! ఇంకా బిగించలేదా? కంపెనీ ఏదో తేలిందా?"

ఇంత చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో మేస్త్రికి తెలియలేదు.

"మాటలెందుకురా," అని లోపల్నుంచి అక్క అరిచింది. "ఆయన్ని కారు లోపల పడుకోమను!"

కార్లాయన పెద్దమనిషి. కొంచెం మొహమాటపడి, బూట్లు విప్పి, వెనక తలుపులోంచి లోపలికి దూరి పరుపు మీద వెల్లకిలా, కప్పు చూస్తూ పడుకున్నాడు. మేస్త్రి తలుపు వేసి, తాళ్లు విప్పి, ముక్కు రింగుకి తాడు కట్టి బయటికి లాగాడు. ఆ వీధి గురించి చెప్పేదేముంది? గుంతకీ గుంతకీ మధ్య అక్కడక్కడా రోడ్డు ఉంటుంది. చివరిదాకా లాగి, తలుపు తీశాడు.

"ఏంటి, పడుకోమన్నారు, పడుకున్నాను. ఎప్పుడు కదుపుతావు?" అంటూ కార్లాయన బయటికి వచ్చి, ఎదురుగా వీధి చివరి పంపు చూసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి వచ్చిన దారంతా చూశాడు. "ఆ మాట రాసింది ఎవరు?" అన్నాడు మెల్లగా. "లోపల... ఇక్కడిదాకా అని."

అప్పుడు చెప్పాడు మేస్త్రి. నడుస్తూ చెప్పాడు, తాడు లాగుతూ చెప్పాడు. ఆ వీధిలో అతను అంతసేపు మాట్లాడ్డం ఎవరూ ఎప్పుడూ వినలేదు. కార్లాయన బూట్లు చేత్తో పట్టుకుని, ఒట్టి కాళ్లతో పక్కన నడుస్తూ విన్నాడు. షెడ్డు దగ్గరికి వచ్చాక బాడీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు.

"మీ అక్కగారు ఆసుపత్రికి వెళ్లాలని విన్నాను," అన్నాడు చివరికి. "ఎగ్జిబిషన్ ఏటా ఉంటుంది."

ఆ మాట అడగడానికే వారం నుంచి నోరు పెగల్లేదు మేస్త్రికి.

అక్క మాత్రం ఒప్పుకోలేదు. "రెండుసార్లు చాలు. మూడోసారి నా వల్ల కాదు," అని గోడ వైపు తల తిప్పుకుంది.

"వదినా," అంది మేస్త్రి భార్య, "ఆ మూలని ఎవరు లేపారు? ఆయన కొట్టినవి ఆరూ పనికిరాలేదు. మీరు కొట్టిన ఒక్కటి పనికొచ్చింది. మీరు కొట్టిన రేకుని మీరే నమ్మకపోతే ఎలా?"

అక్క మెల్లగా తల ఇటు తిప్పింది. తర్వాత, "నా దుప్పటి ఉతికి ఉందా?" అని అడిగింది.

తెల్లారగట్ట బయల్దేరారు. గోడ కొంచెం పగలగొట్టి కారుని గదిలోకి లాగారు. మంచం ఎత్తు మోకాళ్ల దాకా, కారు నేల మీంచి లేచి ఉన్నది జానెడే. ఎలా జరపాలా అని మేస్త్రి, భార్య, కార్లాయన దుప్పటి కొసలు పట్టుకుని తటపటాయిస్తుంటే, కారు తనంతట తనే మంచం పట్టె ఎత్తుకి లేచి, దానికి ఆనుకోకుండా వెంట్రుకవాసి దూరంలో ఆగింది. దుప్పటితో పాటు అక్కని లోపలికి జరిపారు. కాళ్లు బానెట్ కిందికి వెళ్లాయి. ఎడమ పక్కకి తిరిగితే, భుజం గుంటలో భుజం, తుంటి గుంటలో తుంటి. కారు మళ్లీ జానెడు ఎత్తుకి దిగింది.

తాడు తమ్ముడు పట్టుకున్నాడు. అతను అలిసిపోయినప్పుడు కార్లాయన, ఆయన అలిసిపోయినప్పుడు మేస్త్రి భార్య. వీధి చివరి గుంత దాటారు. బజారు దాటారు. రైలు గేటు వచ్చింది. మేస్త్రి తాడు తన చేతికి తీసుకున్నాడు. పట్టాల మధ్య రాళ్లు తేలి ఉన్నాయి. అడుగులో అడుగు వేసి దాటించాడు. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. భయం వేసి, వంగి కిటికీలోంచి చూశాడు. అక్క కళ్లు తెరుచుకునే ఉంది. రోడ్డు పక్క గడ్డి వైపు చూస్తోంది.

"ఎందుకాగావు? రైలు గేటు ఇంకెంత దూరం?"

"దాటేశాం అక్కా."

ఆవిడ పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఏడేళ్లలో అతను ఆవిడ నోట మాట రాకపోవడం చూడ్డం అదే మొదటిసారి.

"నమ్మకం లేదు," అంది చివరికి. "వెనక్కి తీసుకెళ్లి మళ్లీ దాటించు."

దాటించాడు. ఇంకోసారి, అంది. మూడోసారి గేటు కాపలాదారు తలుపు తీసుకుని వచ్చి, "ఏంటయ్యా మీ ఆట! రైలొచ్చే టైమైంది," అని కసిరాడు. లోపల అక్క నవ్వుతోంది, కళ్ల నీళ్లు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోకుండా.

తర్వాత దారంతా మాట్లాడుతూనే ఉంది. కిటికీ పక్కన ఏది కనపడితే అది చెప్పింది. మైలురాళ్లు, మేకల కాళ్లు, సైకిలు చక్రాలు, నీళ్ల పైపు కారుతున్న చోటు. అంత కింద నుంచి చూస్తే లోకం ఎంత పొడుగ్గా ఉంటుందో చెప్పింది. ఆగినప్పుడల్లా చుట్టూ జనం చేరి, ఎంత నునుపు పనో అని రేకు తడిమి చూసి, నీళ్లిచ్చి పంపేవాళ్లు. రెండో రోజు మధ్యాహ్నానికి ఆసుపత్రి చేరారు. సర్జన్ మేడం మెట్లు దిగి వచ్చి, ముందు అక్క నాడి చూసి, తర్వాత కారు రేకు మీద చెయ్యి వేసి, ఏదో అడగబోయి మానేసింది.

ఆపరేషను ఏడు గంటలు పట్టింది. మూడు నెలలు అక్కడే ఉంచారు. మొదట కూర్చోబెట్టారు, తర్వాత నిలబెట్టారు, తర్వాత రెండు కర్రలతో వరండా చివరిదాకా నడిపించారు. కారు వరండాలోనే కట్టేసి ఉండేది. ఒక రోజు సర్జన్ మేడం కార్లాయన్ని పిలిచి, కొండ మీది ఊళ్లో పెద్దాయన ఒకరు ఇలాగే కదల్లేక ఉన్నారని చెప్పింది. కార్లాయన తీసుకెళ్లమన్నాడు. ఆ పెద్దాయన తర్వాత ఇంకెవరో. ఆ తర్వాత కారు కార్లాయన ఇంటికి తిరిగి రానే లేదు. బోర్డు మాత్రం ఒకటి రాయించాడు, ఎవరు చేశారని అడిగేవాళ్ల కోసం. పేరు తెలియదు కదా, ఏం రాయమంటారని అడిగితే, అక్కే చెప్పింది. "పడుకుని చేసింది అని రాయండి. అర్థం కావలసినవాళ్లకి అర్థమవుతుంది."

అక్క ఇంటికి బస్సులో వచ్చింది. కండక్టరు కర్రలు చూసి ముందు సీటు ఇవ్వబోతే వద్దని, సరిగ్గా వెనక చక్రం మీది సీటు ఏరుకుని కూర్చుంది. ప్రతి గుంతకీ ఎగిరెగిరి పడుతూ, డ్రైవర్ని నోరారా తిట్టుకుంటూ, పక్కన తమ్ముడు కంగారుపడుతుంటే అతన్నీ తిట్టుకుంటూ వచ్చింది. బస్సు స్టాపులో ఆగాక కర్రల మీద లేచి, ముందుకి నడిచి, డ్రైవరు భుజం తట్టింది.

"బాబూ, వెనక ఎడమ చక్రం మీది కమాను విరిగింది, రెండో స్ప్రింగు పట్టీ. చూసుకున్నావా?"

డ్రైవరు నమ్మలేదు. దిగి, వంగి, చక్రం వెనక తొంగిచూసి, తల గోక్కుంటూ వచ్చాడు. "నిజమేనమ్మా. మీకెలా తెలిసింది?"

"నడుము చెప్పింది," అంది అక్క. కర్రతో వీధి మలుపు చూపించింది. "మా షెడ్డు అదే. తిప్పు బండి."

బస్సులో ఉన్న నలభైమందితో సహా డ్రైవరు బండి తిప్పాడు.